నా సంతకంతో వెళ్లిన ‘నార్మల్’ రిపోర్టు: లిపిడ్ ప్రొఫైల్‌ను ఎలా చదువుకోవాలి

27 ఏళ్లుగా ల్యాబ్ టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. రక్తం తీయడం, గడ్డకట్టనిచ్చి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పడం, పైకి తేలిన సీరంలో కొలెస్ట్రాల్, చక్కెర, క్రియాటినిన్ కొలవడం, రిపోర్టు మీద సంతకం పెట్టడం నా పని. పదకొండేళ్ల క్రితం మా అన్నయ్య రక్తం కూడా నేనే తీశాను. రక్తంలోని కొవ్వులను కొలిచే లిపిడ్ ప్రొఫైల్ పరీక్ష అది. మొత్తం కొలెస్ట్రాల్ 196, హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్ అనేది) 31, ట్రైగ్లిజరైడ్లు (రక్తంలో తిరిగే మరో రకం కొవ్వు) 240, ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్ అనేది) 117 వచ్చాయి. ఆ కాగితం చేతిలో పట్టుకుని, “200 లోపే ఉంది, నార్మలే కదమ్మా?” అని అడిగాడు. “నార్మలే అన్నయ్యా” అన్నాను. అయిదు నెలల తర్వాత, 49 ఏళ్ల వయసులో ఆయనకు గుండెపోటు వచ్చింది.

బతికి బయటపడ్డాడు. కానీ ఆ రిపోర్టును తర్వాత ఎన్నిసార్లు తీసి చదివానో లెక్కలేదు. అందులో తప్పు అంకె ఒక్కటీ లేదు. పరీక్ష సరిగ్గానే చేశాం, చదవడమే సరిగ్గా చదవలేదు. ఆ రోజు అన్నయ్యను పక్కన కూర్చోబెట్టుకుని ఏమేం చెప్పి ఉండాల్సిందో అదే ఇక్కడ రాస్తున్నాను.

రక్తం ఇచ్చే ముందు

పరగడుపున రావాలా అని ప్రతి ఒక్కరూ అడుగుతారు. మామూలు తనిఖీకి తప్పనిసరేమీ కాదు. 2016లో యూరప్ నిపుణుల బృందాలు ఈ మాటను స్పష్టంగా చెప్పాయి. తిన్న తర్వాత మొత్తం కొలెస్ట్రాల్, హెచ్‌డీఎల్ పెద్దగా మారవు, పెరిగేది ట్రైగ్లిజరైడ్లే. అవి 400 దాటి కనిపిస్తే మాత్రం 9 నుంచి 12 గంటలు ఏమీ తినకుండా వచ్చి మళ్లీ ఇవ్వాలి. మంచినీళ్లు తాగవచ్చు.

ఆ పెరుగుదలను మేం కంటితోనే పట్టగలం. సెంట్రిఫ్యూజ్ ఆగాక మూత తీస్తే మామూలు సీరం లేత పసుపు రంగులో, అవతలి వేలు కనిపించేంత తేటగా ఉంటుంది. ట్రైగ్లిజరైడ్లు బాగా ఎక్కువ ఉన్నవారి సీరం పలచని పాలలా తెల్లగా, మసకగా ఉంటుంది. ఆ ట్యూబును రాత్రంతా ఫ్రిజ్‌లో నిలబెడితే ఒక్కోసారి తెల్లారేసరికి పైన మీగడలా ఒక పొర తేలుతుంది. అది తిన్న కొవ్వును పేగుల నుంచి మోసుకొచ్చే పెద్ద కణాల పొర. పరగడుపున తీసిన రక్తంలో కూడా అది కనిపించిందంటే వెంటనే డాక్టరుకు ఫోన్ చేసి చెబుతాం. ట్రైగ్లిజరైడ్లు 500 దాటి పెరుగుతూ పోతే గుండె కంటే ముందు క్లోమ గ్రంథికి వాపు వచ్చే ప్రమాదం ఉంటుంది.

ల్యాబ్‌కు పరుగున వచ్చి వెంటనే చేయి చాపకండి. పది నిమిషాలు కూర్చోండి. నిలబడి ఉన్నప్పుడు రక్తంలోని నీరు కొంత కణజాలంలోకి జారుతుంది, రక్తం చిక్కబడుతుంది, కొలెస్ట్రాల్ అంకె కొన్ని శాతం ఎక్కువగా వస్తుంది. చేతికి రబ్బరు పట్టీ నిమిషానికి మించి బిగించి ఉంచినా ఇదే జరుగుతుంది. జ్వరంలో, పెద్ద ఆపరేషన్ తర్వాత కొన్ని వారాల వరకు ఈ పరీక్ష చేయించుకోవద్దు, అంకెలు మోసం చేస్తాయి. గుండెపోటు వచ్చినవారికి మొదటి 24 గంటల్లో తీసిన నమూనా నమ్మదగినది. ఆ తర్వాత ఎల్‌డీఎల్ తాత్కాలికంగా పడిపోతుంది. గర్భంతో ఉన్నప్పుడు కొలెస్ట్రాల్ సహజంగానే పెరుగుతుంది.

ఇంకొక్క మాట. ఒకే మనిషికి నెల తేడాతో 200, 212 వస్తే అది మార్పు కాదు, శరీరం రోజూ చేసే ఊగిసలాటే. ట్రైగ్లిజరైడ్లయితే అయిదో వంతు అటూ ఇటూ అవుతాయి. ఒక్క రిపోర్టు చూసి మందు మొదలుపెట్టడం, మానేయడం రెండూ తొందరపాటే. రెండోసారి కొలిచి నిర్ధారించుకోవాలి.

పెన్సిల్ తీసుకోండి

రిపోర్టులోని ఎల్‌డీఎల్ చాలా చోట్ల యంత్రం కొలిచిన అంకె కాదు, లెక్కగట్టిన అంకె. 1972లో ఫ్రీడ్‌వాల్డ్, ఆయన సహచరులు ఇచ్చిన సూత్రం ఇప్పటికీ వాడుకలో ఉంది. మొత్తం కొలెస్ట్రాల్ నుంచి హెచ్‌డీఎల్ తీసేయాలి, ట్రైగ్లిజరైడ్లలో అయిదో వంతు తీసేయాలి. మా అన్నయ్య అంకెలతో చేసి చూడండి. 196 లోంచి 31 పోతే 165. 240లో అయిదో వంతు 48. 165 లోంచి 48 పోతే 117. ట్రైగ్లిజరైడ్లు 400 దాటితే ఈ సూత్రం పనిచేయదు. అవి ఎక్కువగా ఉండి ఎల్‌డీఎల్ బాగా తక్కువగా ఉన్నప్పుడు, అసలున్న దానికంటే తక్కువ చూపిస్తుంది. అందుకే రిపోర్టులో ఎల్‌డీఎల్ పక్కన లెక్కగట్టినదా, నేరుగా కొలిచినదా అని ఉందేమో చూడండి. లేకపోతే ల్యాబ్‌ను అడగండి. అడిగితే చెప్పడం మా బాధ్యత.

ఇప్పుడు ఆ లెక్క మధ్యలో వచ్చిన 165 దగ్గర ఆగండి. దాని పేరు నాన్-హెచ్‌డీఎల్ కొలెస్ట్రాల్. రక్తనాళాల గోడల్లోకి దూరి పూడికగా మారగల కణాలన్నిటిలో ఉన్న కొలెస్ట్రాల్ అదే. ఎల్‌డీఎల్ అందులో ఒక భాగం మాత్రమే. ట్రైగ్లిజరైడ్లు ఎక్కువగా ఉన్నవారిలో మిగతా భాగం కూడా పెద్దదే, హాని చేసేదే. దీని లక్ష్యం ఎల్‌డీఎల్ లక్ష్యానికి 30 కలిపితే వస్తుంది. ఎల్‌డీఎల్ 100 లోపు ఉండాల్సినవారికి నాన్-హెచ్‌డీఎల్ 130 లోపు ఉండాలి. మా అన్నయ్యకు 165. ఒక్క తీసివేతతో వచ్చే ఈ అంకె ఆ రోజు రిపోర్టులో అచ్చు కాలేదు. నేనూ వేసి చూడలేదు. మీ దగ్గరున్న పాత రిపోర్టులన్నిటి మీద ఈ తీసివేత చేసి, అంకెను మార్జిన్‌లో రాసుకోండి. పరగడుపా కాదా అన్న గొడవ కూడా దీనికి లేదు.

హెచ్‌డీఎల్‌ను మంచి కొలెస్ట్రాల్ అంటారు. మగవారిలో 40 కంటే, ఆడవారిలో 50 కంటే తక్కువైతే అది హెచ్చరిక. అయితే ఎక్కువగా ఉంది కదా అని ధీమా పడకూడదు. హెచ్‌డీఎల్‌ను బాగా పెంచిన టోర్సెట్రాపిబ్ అనే మందు వాడినవారిలో మరణాలు ఎక్కువయ్యాయని తేలడంతో 2006లో ఆ ప్రయోగాన్ని ఆపేశారు. హెచ్‌డీఎల్ 70 ఉందని ఎల్‌డీఎల్ 170ని వదిలేసేవారిని చూసినప్పుడల్లా నాకు ఆందోళనగా ఉంటుంది.

రిపోర్టు మిల్లీమోల్స్ అనే ఇంకో కొలతలో వస్తే కంగారు పడకండి. కొలెస్ట్రాల్ అంకెలను 38.67తో, ట్రైగ్లిజరైడ్లను 88.57తో గుణిస్తే మిల్లీగ్రాములు వస్తాయి. నేను ఇక్కడ రాసే అంకెలు, వేరే చెప్పిన చోట తప్ప, డెసీలీటరుకు మిల్లీగ్రాముల్లో ఉన్నవే.

ఆ ‘నార్మల్’ ఎవరిని చూసి రాశారు?

ఎక్కువ పరీక్షలకు మామూలు పరిధిని ఇలా కడతారు: ఆరోగ్యంగా కనిపించే కొన్ని వందల మందిని కొలిచి, రెండు చివరలూ వదిలేసి, మధ్యలో ఉన్న 95 శాతం మంది అంకెలను పరిధిగా తీసుకుంటారు. సోడియానికి ఇది చక్కగా పనికొస్తుంది. కొలెస్ట్రాల్‌కు పనికిరాదు, ఎందుకంటే ఊరు ఊరంతా ఎక్కువ కొలెస్ట్రాల్‌తో ఉండవచ్చు.

ఫిన్లండ్ తూర్పున ఉన్న నార్త్ కరేలియానే చూడండి. 1972లో అక్కడి మగవారి సగటు కొలెస్ట్రాల్ సుమారు 6.9 మిల్లీమోల్స్, అంటే 267 మిల్లీగ్రాములు. అక్కడివారినే కొలిచి పరిధి కట్టి ఉంటే 300 ఉన్న మనిషికి కూడా నార్మల్ అని రిపోర్టు చేతికిచ్చేవాళ్లం. అదే సమయంలో అక్కడ నడివయసు మగవారు గుండెపోటుతో చనిపోతున్నారు. పెక్కా పుస్కా అనే వైద్యుడి నాయకత్వంలో ఆ ఏడాదే పని మొదలైంది. గట్టి కొవ్వుల వాడకం, పొగ తాగడం, రక్తపోటు, ఈ మూడింటినీ ఇంటింటా తగ్గించుకుంటూ వచ్చారు. కొన్ని దశాబ్దాల్లో పనిచేసే వయసు మగవారిలో గుండె జబ్బు మరణాలు 80 శాతానికి పైగా తగ్గాయి. ఒక ప్రాంతం మొత్తం తన ‘మామూలు’ను మార్చుకున్న ఉదంతం ఇది. నేను ఎవరికి చెప్పినా ముందు దీన్నే చెబుతాను.

అందుకే మొత్తం కొలెస్ట్రాల్‌కు పెట్టిన 200, 240 అనే హద్దులు జనం సగటు నుంచి పుట్టినవి కావు. ఏ అంకె దగ్గర గుండెపోట్లు ఎంత పెరుగుతున్నాయో ఏళ్ల తరబడి చూసి పెట్టినవి. ఆ హద్దుల దగ్గర కూడా గోడ ఏమీ లేదు. 199కి, 201కి ప్రమాదంలో తేడా లేదు, వాలు మాత్రం పైకే పోతుంది.

దేశంలో పెద్దల సగటు కొలెస్ట్రాల్ ఇంత, ఎక్కువ ఉన్నవారు ఇంత శాతం అని సర్వేలు వచ్చినప్పుడు మూడు సంగతులు వెతకండి. ఏ వయసువారిని కొలిచారు? కొలెస్ట్రాల్ దించే మాత్రలు వాడుతున్నవారిని ఎలా లెక్కించారు? చూపిస్తున్నది మొత్తం కొలెస్ట్రాలా, నాన్-హెచ్‌డీఎలా? అమెరికాలో పెద్దల సగటు 1960ల మొదట్లో 222 ఉండేది, 1999-2002 నాటికి 203కి దిగింది. అందులో తిండి మార్పు ఉంది, మాత్రల పాత్రా ఉంది. మాత్ర వేసుకుని 160కి వచ్చినవారిని ‘సమస్య లేనివారి’ లెక్కలో చూసుకుంటే చిత్రం తప్పుతుంది. 1980 నుంచి 2018 వరకు 200 దేశాల లెక్కలు కట్టిన ఒక పెద్ద అధ్యయనం, సంపన్న పాశ్చాత్య దేశాల్లో నాన్-హెచ్‌డీఎల్ దిగుతుంటే తూర్పు, ఆగ్నేయ ఆసియాల్లో ఎక్కుతోందని చూపించింది. 2017లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 39 లక్షల మరణాలకు అది కారణమని అంచనా వేసింది.

సర్వే చదివేటప్పుడు జరిగే ఇంకో పొరపాటు: ఎక్కువ ఉన్న పది శాతం మందిదే సమస్య అనుకోవడం. ఊహకు వెయ్యి మందిని తీసుకుందాం. వందమందికి బాగా ఎక్కువ ఉంది, వాళ్లలో నూటికి పదిమందికి జబ్బు వస్తుందనుకుందాం. మొత్తం పది. మిగతా 900 మందికి ఓ మోస్తరుగా ఉంది, వాళ్లలో నూటికి ముగ్గురికే వస్తుందనుకుందాం. మొత్తం 27. జబ్బుపడిన 37 మందిలో 27 మంది ‘పరవాలేదు’ అనిపించుకున్నవారే. ఇంగ్లండ్ వైద్యుడు జెఫ్రీ రోజ్ 1985లో చెప్పింది ఇదే. మా అన్నయ్య ఆ 27 మందిలో ఒకడు.

కొలెస్ట్రాల్‌ను ఒంటరిగా చూడవద్దు

1948లో మొదలుపెట్టి అమెరికాలోని ఫ్రేమింగ్‌హామ్ అనే ఊళ్లో 5,209 మందిని ఏళ్లకేళ్లు పరీక్షిస్తూ వచ్చారు. వయసు, రక్తపోటు, పొగ, మధుమేహం, కొలెస్ట్రాల్ ఒకదానికొకటి తోడై ప్రమాదాన్ని పెంచుతాయని అక్కడి నుంచే మనకు బాగా తెలిసింది. ఇవాళ డాక్టర్లు వాడే ప్రమాద పట్టికలన్నీ ఆ దారిలో వచ్చినవే. వచ్చే పదేళ్లలో గుండెపోటు గానీ పక్షవాతం గానీ వచ్చే అవకాశం నూటికి ఎంతో అవి చెబుతాయి. ఒక ప్రాంతానికి కట్టిన పట్టిక ఇంకో ప్రాంతంలో ఎక్కువో తక్కువో చూపిస్తుంది. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో 21 ప్రాంతాలకు విడివిడిగా పట్టికలు ఇచ్చింది. రక్తపరీక్ష చేయించుకోలేనివారికి కొలెస్ట్రాల్ బదులు ఎత్తు, బరువులతో చూసే పట్టిక కూడా అందులో ఉంది. మీ ప్రాంతపు పట్టిక ఏదో డాక్టరును అడిగి, ఆయన ఎదుటే మీ అంకెలతో చూపించమనండి. రెండు నిమిషాల పని.

ఆ రోజు అన్నయ్యకు ఈ పట్టిక తీసి ఉంటే ఏం కనబడేది? మగవాడు, 49 ఏళ్లు, రోజుకు పది సిగరెట్లు, పై రక్తపోటు 148. రిపోర్టు కాగితం మీద ఆ సిగరెట్లూ లేవు, ఆ రక్తపోటూ లేదు.

కొందరికి పట్టికతో పనే లేదు, నేరుగా చికిత్సే. ఇంతకుముందు గుండెపోటు లేదా పక్షవాతం వచ్చినవారు, ఎల్‌డీఎల్ 190 లేదా అంతకంటే ఎక్కువ ఉన్నవారు, 40 దాటిన మధుమేహులు ఈ కోవలోకి వస్తారు. ఎల్‌డీఎల్ 190 దాటినవారిలో కొందరికి అది పుట్టుకతో, జన్యువుతో వచ్చినది. ఈ లోపం సుమారు 250 మందిలో ఒకరికి ఉంటుంది. మడమ వెనుక భాగంలో గట్టిగా తగిలే బుడిపెలు దానికి ఒక గుర్తు. అలాంటివారి అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు, పిల్లలకు కూడా పరీక్ష చేయించాలి. చికిత్సకు ముందు థైరాయిడ్ కూడా చూడాలి. థైరాయిడ్ మందగిస్తే ఎల్‌డీఎల్ పెరుగుతుంది. ముందు దాన్ని సరిచేస్తే ఎల్‌డీఎల్ కూడా దిగవచ్చు.

పట్టిక చిన్న వయసువారిని తప్పుదోవ పట్టిస్తుందని కూడా తెలుసుకోండి. 35 ఏళ్ల మనిషికి పదేళ్ల ప్రమాదం ఎప్పుడూ చిన్న అంకెగానే వస్తుంది. కానీ రక్తనాళం లెక్కపెట్టేది ఏళ్లను. 30 ఏళ్ల పాటు 150 ఎల్‌డీఎల్ మోసిన నాళం, పదేళ్లు మోసినదానిలా ఉండదు. తండ్రికో అన్నదమ్ములకో 55 ఏళ్ల లోపు, తల్లికో అక్కచెల్లెళ్లకో 65 ఏళ్ల లోపు గుండె జబ్బు వచ్చి ఉంటే ఆ మాట డాక్టరుకు మీరే చెప్పండి. చాలా పట్టికల్లో దానికి గడి లేదు.

అంకె దించడం

పొగ తాగేవారు ముందు దాన్ని మానాలి. దానివల్ల అదనంగా వచ్చిన గుండెపోటు ప్రమాదం ఏడాదిలో సుమారు సగం తగ్గుతుంది. ఏ మాత్రా అంత త్వరగా అంత మేలు చేయదు. తిండిలో గది ఉష్ణోగ్రతలో గడ్డకట్టే కొవ్వుల స్థానంలో ద్రవంగా ఉండే నూనెలు రావాలి. మొత్తం నూనె పెంచమని దీని అర్థం కాదు, ఒకదాని బదులు ఒకటి. కరిగే పీచు ఎల్‌డీఎల్‌ను కొంత దించుతుంది. ట్రైగ్లిజరైడ్లకు మాత్రం దారి వేరు. చక్కెర, మద్యం, నడుము చుట్టుకొలత తగ్గితే అవి చాలా త్వరగా దిగుతాయి.

డాక్టరు స్టాటిన్ (కొలెస్ట్రాల్ దించే మాత్ర) రాస్తే భయపడకండి. 1994లో వెలువడిన స్కాండినేవియా ప్రయోగంలో 4,444 మంది గుండె రోగులు పాల్గొన్నారు. మాత్ర వాడినవారిలో మరణాలు 30 శాతం తగ్గాయి. ఆ తర్వాతి ప్రయోగాలన్నీ కలిపి చూస్తే ఎల్‌డీఎల్ దాదాపు 39 మిల్లీగ్రాములు దిగిన ప్రతిసారీ గుండెపోటు, పక్షవాతం లాంటివి సుమారు 22 శాతం తగ్గాయి. కండరాల నొప్పుల సంగతి: ఒళ్లు నొప్పులని స్టాటిన్ మానేసినవారికే 2020లో వెలువడిన ఒక ప్రయోగంలో కొన్ని నెలలు అసలు మాత్ర, కొన్ని నెలలు మందు లేని ఉత్త మాత్ర ఇచ్చి చూశారు. అసలు మాత్రతో వచ్చిన బాధల్లో 90 శాతం ఉత్త మాత్రతో కూడా వచ్చాయి. నొప్పి వస్తే చెప్పండి, డాక్టరు మోతాదు మారుస్తారు లేదా మందు మారుస్తారు. మీ అంతట మీరు మాత్రం ఆపవద్దు.

మొదలుపెట్టిన 4 నుంచి 12 వారాల మధ్య మళ్లీ పరీక్ష చేయించుకోవాలి. అక్కడే మా ఇంట్లో రెండో పొరపాటు జరిగింది. అన్నయ్య ఎల్‌డీఎల్ 62కు వచ్చింది. గుండెపోటు వచ్చినవారికి 70 లోపు ఉండాలంటారు, కొన్ని మార్గదర్శకాలు 55 లోపు అంటాయి. 62 చూసి “తగ్గిపోయింది” అని ఎవరికీ చెప్పకుండా మాత్రలు ఆపేశాడు. రెండు నెలల తర్వాత నేను పట్టుబట్టి రక్తం తీస్తే 121. మాత్ర వేసుకుంటూ ఇచ్చిన రక్తంలో కనిపించే అంకె ఆ మాత్ర తెచ్చిన అంకె. అప్పటి నుంచి మా ల్యాబ్‌లో నమూనా ఇచ్చే ప్రతి ఒక్కరినీ ‘ఏయే మందులు వాడుతున్నారు, నిన్న వేసుకున్నారా’ అని అడిగి రాస్తున్నాను. మీరు కూడా మీ రిపోర్టు మీద ఆ రోజు వాడుతున్న మందుల పేర్లు రాసుకోండి. రెండేళ్ల తర్వాత వెనక్కి తిరిగి చూస్తే ఏ అంకె దేనివల్ల వచ్చిందో తెలుస్తుంది.

చివరగా జీవితంలో ఒక్కసారి చేయించుకుంటే చాలనే పరీక్ష ఒకటుంది: లిపోప్రోటీన్ (ఎ), ఎల్‌డీఎల్ లాంటిదే కొలెస్ట్రాల్‌ను మోసే ఇంకో కణం. ఎక్కువ భాగం వంశపారంపర్యం, తిండితో మారదు, వయసుతో పెద్దగా మారదు. సుమారు అయిదుగురిలో ఒకరికి 50 మిల్లీగ్రాములకు మించి ఉంటుంది. మామూలు లిపిడ్ ప్రొఫైల్‌లో కనిపించదు, విడిగా అడగాలి. ఇది ఎక్కువ ఉన్నవారు మిగతా అంకెలన్నిటినీ ఇంకాస్త గట్టిగా పట్టుకోవాలి. అన్నయ్యకు 92 వచ్చింది. మరుసటి రోజు నా చేతి నుంచి నేనే రక్తం తీసుకుని చూస్తే 88. నా ఎల్‌డీఎల్ అప్పుడు 128. నా సహోద్యోగులు “పరవాలేదు” అన్నారు. నేను డాక్టరు దగ్గరికి వెళ్లాను, ఇప్పుడు 74లో ఉంది. మా అమ్మాయికి 24 నిండాయి. దాని ట్యూబు మీద పేరు రాసి పెట్టాను, ఆదివారం ఇంటికి వస్తుంది.